దేవుడి బొమ్మ వేయని చిత్రకారుడితో సిక్కోలు తిరిగొచ్చాం

మా మావయ్య డ్రాయింగ్ మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాడు. విజయనగరంలో ఆయన బొమ్మలు కొనుక్కుని హాల్లో తగిలించుకున్నవాళ్లు బాగానే ఉన్నారు. అందరూ వాటిని "ఆధ్యాత్మిక చిత్రాలు" అంటారు. తీరా చూస్తే ఒక్కదాన్లోనూ దేవుడుండడు. కొండ ఉంటుంది, చెరువు ఉంటుంది, చెట్టు మొదట్లో పసుపు రాసిన రాయి ఉంటుంది. అంతే. ఇంట్లో మాత్రం రోజూ గంటసేపు పూజ చేస్తాడు. "మరి ఒక్క వినాయకుణ్ణైనా వెయ్యవేటి మావయ్యా?" అని చిన్నప్పటి నుంచి అడుగుతూనే ఉన్నాను. సరైన జవాబు ఎప్పుడూ రాలేదు.

మార్చి మొదటి వారంలో ఆయనకి శ్రీకాకుళం జిల్లా తిరిగి బొమ్మలు వేసుకోవాలనిపించింది. కారు నాది, పెట్రోలు ఆయనది. టైముకి తినే అలవాటు ఇద్దరికీ లేదని అత్త ఒక డబ్బా నిండా చెగోడీలు పెట్టి ఇచ్చింది.

శుక్రవారం: పొందూరు, శ్రీకాకుళం

దారిలో పూరీ, బొంబాయి చట్నీ తిని, చిలకపాలెం దగ్గర హైవే దిగి పొందూరు వెళ్లాం. మావయ్యకి ఖద్దరు కావాలి. కట్టుకోవడానికి కాదు, బొమ్మలకి. ఒడిశా పట్టచిత్రాల వాళ్లు నూలుగుడ్డకి చింతగింజల జిగురు, సుద్ద కలిపి పూసి, ఆరాక నున్నగా రుద్ది దానిమీద వేస్తారు. అదే పద్ధతిలో పొందూరు గుడ్డ మీద వేసి చూడాలని ఆయన ఆలోచన.

అక్కడ ఒక ఇంట్లో నూలు వడికే ముసలమ్మ పత్తి శుభ్రం చేయడం చూపించింది. వాలుగ చేప దవడ ఎముకే దువ్వెన. ఆ సన్నటి పళ్ల వరస మధ్య నుంచి పత్తిని లాగుతుంటే నలుసులన్నీ ఎముకకే ఉండిపోతాయి. ఆ తరవాత గింజ తీయడం, ఏకడం, ఏకులు చుట్టడం, రాట్నం. గాంధీ గారు మెచ్చుకున్న నూలు ఇది. ఇంత పనికి ఆమె చేతికొచ్చే డబ్బెంతో విన్నాక, మనం దుకాణంలో ఖద్దరు ఖరీదని ముఖం చిట్లించడం ఎంత అన్యాయమో అనిపించింది.

మావయ్య గుడ్డని వేళ్ల మధ్య పెట్టి చాలాసేపు నలిపి చూశాడు. "దీనికి జిగురు పూస్తే పాపం తగుల్తాది" అని పంచె ఒకటి కొనుక్కుని వచ్చేశాడు.

సాయంత్రానికి శ్రీకాకుళం చేరాం. లాడ్జిలో సామాను పడేసి నాగావళి ఒడ్డుకి నడిచాం. బలరాముడు నాగలితో నేలని చీలిస్తే పుట్టిన నది అని కథ. అందుకే లాంగుల్య అనే పేరు కూడా ఉంది. ఒడ్డునున్న ఉమారుద్ర కోటేశ్వరుణ్ణి ప్రతిష్ఠించింది కూడా బలరాముడేనని చెబుతారు. వేసవి ఇంకా ముదరలేదు గానీ నదిలో నీళ్ల కంటే ఇసకే ఎక్కువ.

మావయ్యకి ఈ ఊరంటే గుళ్ల కంటే ముందు వడ్డాది పాపయ్య గారు. వపా పుట్టింది ఇక్కడే, 1921 సెప్టెంబరు 10న. తండ్రి రామమూర్తి గారు కూడా బొమ్మలు వేసేవారు. రవివర్మ వేసిన కోదండరాముణ్ణి చూసి చిన్నతనంలోనే గీశాడట పిల్లాడు. తరవాత కథ తెలుగువాళ్లందరికీ తెలిసిందే. చందమామ ముఖచిత్రాలు, యువ పత్రికలో నాయికలు, రాగాలు, రుతువులు. 1992 డిసెంబరులో పోయేదాకా కుంచె దించలేదు. తన ఫొటోలు బయటికి రావడమే ఇష్టం ఉండేది కాదంటారు. మావయ్య ఆయన్ని ఒక్కసారి కూడా చూడలేదు. కానీ బొమ్మలు నేర్చుకున్నది ఆయన దగ్గరే. చందమామ అట్ట మీద పల్చటి కాయితం పెట్టి గీత గీతా దిద్దుకున్నాడు. రంగు పక్కన రంగు ఎలా కూర్చోవాలో అక్కడే తెలిసిందంటాడు.

"మరి వపా గారు వందలకొద్దీ దేవుళ్లని వేశారు కదా?" అన్నాను.

"ఆయన వేసేశాడు కదమ్మా, మళ్లీ నానెందుకు?" అని చెగోడీ నోట్లో వేసుకున్నాడు.

ఇదీ జవాబు కాదు.

శనివారం: అరసవల్లి, శ్రీకూర్మం, శాలిహుండం

అరసవల్లిలో ఆదివారం కాలు పెట్టడం కష్టం, అందుకే శనివారం తెల్లవారుజామునే వెళ్లిపోయాం. ఏటా మార్చి 9, 10 తేదీల్లోనూ, మళ్లీ అక్టోబరు మొదట్లోనూ పొద్దుటి కిరణాలు గోపురం దాటి, అనివెట్టి మండపం మీదుగా వచ్చి స్వామి పాదాలు తాకుతాయి. మేమెళ్లింది దానికి కొద్ది రోజుల ముందు. మావయ్య కావాలనే అలా పెట్టాడు. "ఆ రోజుల్లో వస్తే కిరణాలు కనపడవు, జనం వీపులు కనపడతాయి" అన్నాడు.

ఏడాదికి రెండుసార్లే ఎందుకంటే, సూర్యుడు రోజూ ఒకేచోట ఉదయించడు. ఉత్తరాయణంలో ఉత్తరానికి జరుగుతూ, దక్షిణాయనంలో వెనక్కి వస్తూ, గుడి గుమ్మానికి సూటిగా ఉన్న ఆ బిందువుని పోయేటప్పుడోసారి, వచ్చేటప్పుడోసారి దాటుతాడు. క్యూలో ఇదంతా వివరించాను. మావయ్య శ్రద్ధగా విని, "అయితే గుడి కట్టినోడు రాయి కంటే ముందు ఆకాశాన్ని గీసుకున్నాడన్నమాట" అన్నాడు. తూర్పు గాంగుల కాలంలో, ఏడో శతాబ్దంలో, దేవేంద్రవర్మ కట్టించాడని చెబుతారు.

లోపల స్వామిది నల్లరాతి విగ్రహం. రెండు చేతుల్లో తామర మొగ్గలు, పక్కన పద్మ, ఉష, ఛాయ. కింద ఏడు గుర్రాలు, వాటిని తోలే అనూరుడు. ఫొటోలు తీయనివ్వరు, నిలబడనివ్వరు. మావయ్యకి అది ఇబ్బంది కాదు, ఆయన లోపల చూసి బయట కూర్చుని వేస్తాడు. ఇంద్ర పుష్కరిణి మెట్ల మీద చతికిలబడి కాయితం తీశాడు. ఇప్పుడైనా గుర్రాలు వేస్తాడేమో అనుకున్నాను. వేసింది మెట్ల మీద పడ్డ ఏటవాలు ఎండ, తడి రాయి, ఎవరో ఆరేసిన ఎర్రచీర అంచు. కామ్లిన్ గొట్టాల్లో పసుపు ఒక్కటే సగం అయిపోయింది.

అక్కడి నుంచి శ్రీకూర్మం దగ్గరే. విష్ణుమూర్తి తాబేలు రూపంలో మూలవిరాట్టుగా ఉన్న గుడి. స్వామి పడమటికి తిరిగి ఉంటాడు, ధ్వజస్తంభాలు రెండు. శ్వేత పుష్కరిణి దగ్గర పితృకార్యాలు చేయడానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. మేం వెళ్లేసరికి గుండు చేయించుకున్న అన్నదమ్ములు పిండాల దగ్గర ఒకళ్లనొకళ్లు మెల్లగా విసుక్కుంటున్నారు. నల్లటి స్తంభాల మీద వరసలు వరసలుగా శాసనాలు. మధ్వ సంప్రదాయానికి చెందిన నరహరి తీర్థులు పదమూడో శతాబ్దంలో ఇక్కడ చేసిన సేవ కూడా వాటిలో ఉంది.

మావయ్య వచ్చింది గోడల కోసం. గర్భగుడి చుట్టూ ప్రదక్షిణ చేసే దారిలో గోడలకి పాత చిత్రాలున్నాయి. అవతారాలు, కృష్ణలీలలు, గోపికలు, గోవులు. ఒడిశా పటాల పోలిక బాగా తెలుస్తుంది, పక్క పక్క నేలలే కదా. ఆ సంప్రదాయంలో తెలుపు శంఖం నుంచి, ఎరుపు ఇంగిలీకం నుంచి, పసుపు హరిదళం నుంచి, నలుపు దీపం మసి నుంచి. రంగు పట్టి ఉండటానికి వెలగ బంక. రాయీ, గవ్వా, చెట్టూ కలిసి గోడెక్కడమే. చాలాచోట్ల రంగు పొరలు లేచిపోయాయి. చెయ్యి అందే ఎత్తులో కొందరు పేర్లు గీకి, పక్కన హృదయం గుర్తు కూడా పెట్టి వెళ్లారు. ప్రేమ ఎవరి మీదో గానీ కోపం మాత్రం కృష్ణుడి మీద తీర్చుకున్నారు.

ఒక చెట్టు బొమ్మ దగ్గర మావయ్య ఆగిపోయాడు. ఆకు ఆకూ విడివిడిగా వేసి ఉంది, ఏ రెండూ ఒకలా లేవు. నేను రెండు ప్రదక్షిణాలు చేసొచ్చినా ఆయన అక్కడే ఉన్నాడు.

"స్వామి ముఖానికి కొలతలుంటాయమ్మా. ధ్యానశ్లోకంలో ఎన్ని చేతులు, ఏ చేతిలో ఏటి, అన్నీ రాసుంటాయి. వేసేవాడు తప్పకూడదు. చెట్టు దగ్గరకొచ్చేసరికి శ్లోకం లేదు. వాడి చెయ్యి వాడిష్టం. ఈ గోడ వేసినోణ్ణి చూడాలంటే కృష్ణుడి దగ్గర కాదు, ఇక్కడే చూడాల."

ఇన్నేళ్లలో మొదటిసారి జవాబులాంటిది వినిపించింది. పూర్తిగా ఒప్పుకోలేదు నేను. కొలతలు పాటిస్తూనే ముఖంలో ప్రాణం పెట్టినవాళ్లు లేరా? వపా గారే ఉన్నారు. ఆ మాట అంటే మాట మార్చి తాబేళ్ల వైపు నడిచాడు.

గుడి ఆవరణలో నక్షత్ర తాబేళ్లని పెంచుతారు. పెంకు మీద పసుపు గీతలు నడిమధ్య నుంచి చుక్కలా విచ్చుకుని ఉంటాయి. భక్తులు ఆకుకూర కట్టలు తెచ్చి పెడుతున్నారు. ఒక తాబేలు తోటకూర కాడ నమలడం మావయ్య మధ్యాహ్నం దాకా వేశాడు. చుట్టూ చేరిన ఆడవాళ్లలో ఒకావిడ ఆ కాయితానికే దండం పెట్టుకుంది. ఆయన కంగారుపడి, "అమ్మా, ఇది ఉత్త తాబేలు" అన్నాడు. "ఇక్కడ ఉత్త తాబేలేటి బాబూ?" అంది ఆవిడ. మావయ్య మాట్లాడలేదు.

శాలిహుండం చేరేసరికి ఎండ మాడ్చేస్తోంది. వంశధార ఒడ్డున కొండ, పైన బౌద్ధుల ఇటుక స్తూపాలు, చైత్యాల పునాదులు. 1919లో దీన్ని గుర్తించి లోకానికి చెప్పింది గిడుగు రామమూర్తి పంతులు గారు. వ్యావహారిక భాషా ఉద్యమం అనగానే గుర్తొచ్చే మనిషి కొండలెక్కి ఇటుకలు కూడా వెతికాడని స్కూల్లో మాకెవరూ చెప్పలేదు. మ్యూజియంలో తార, మారీచి విగ్రహాలున్నాయి. పైనుంచి చూస్తే నది మెలికలు తిరిగి కళింగపట్నం దగ్గర సముద్రం వైపు పోవడం కనిపిస్తుంది. మావయ్య కొబ్బరినీళ్లు తాగి, జీడిచెట్టు నీడలో నిద్రపోయాడు. కళింగపట్నంలో లైట్‌హౌస్, ఇసక, చేపల వాసన. చీకటి పడకుండా వెనక్కి వచ్చేశాం.

ఆదివారం: శ్రీముఖలింగం, మెళియాపుట్టి కొండలు

నరసన్నపేట మీదుగా శ్రీముఖలింగం. ఇదే కళింగనగరం, తూర్పు గాంగుల పాత రాజధాని. శాసనాలు చదివి ఆ సంగతి తేల్చినవారిలోనూ గిడుగు వారున్నారు. ఆయన పుట్టిన పర్వతాలపేట ఈ పక్కనే. మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వర ఆలయాలు. సోమేశ్వరాలయం బయటి గోడల మీద శిల్పాలు కళ్లు తిప్పుకోనివ్వవు. శివరాత్రికి వంశధారలో చక్రతీర్థ స్నానాలకి జనం లక్షల్లో వస్తారు గానీ మిగతా రోజుల్లో ఊరు ఊరులాగే ఉంటుంది. గుడి గోడ నీడలో మేకలు పడుకుని ఉన్నాయి.

మధుకం అంటే ఇప్పచెట్టు. కథ ఇలా చెబుతారు. ఒక శబర నాయకుడికి ఇద్దరు భార్యలు. పెరట్లో ఇప్పచెట్టుకి రెండు కొమ్మలు, ఒక్కో కొమ్మ పువ్వులు ఒక్కొక్కరివి. ఒకావిడ కొమ్మ నుంచి బంగారు పువ్వులు రాలడం మొదలయ్యాయి. ఇంట్లో తగువు. విసిగిపోయిన నాయకుడు గొడ్డలితో చెట్టు నరికితే మొదట్లో శివుడి ముఖం కనిపించింది. అదే ముఖలింగం.

రెండు కొమ్మల పువ్వుల కోసం సవతుల గొడవ. పురాణంలో ఇంత సంసారం ఉన్న కథలు నాకిష్టం. మావయ్యకి మాత్రం చెట్టే కావాలి. ఊరి బయట ఆకు రాల్చుకుని, కొమ్మల చివర మొగ్గలు గుత్తులుగా వేలాడుతున్న ఇప్పచెట్టు దొరికింది. దాన్ని వేస్తూ, "ముఖం లోపలుంది కదా, నానెందుకు నరికి చూపించడం?" అన్నాడు. రాత్రంతా ఈ మాట తయారుచేసుకుని వచ్చినట్టు అనిపించింది నాకు.

పాతపట్నం దాటాక కొండలు దగ్గరపడ్డాయి. మూడున్నర, నాలుగు గంటల వేళ వాటి రంగు మారింది. మొదటి వరస పచ్చ, వెనక వరస నీలం, ఆ వెనకది ఊదా. చందమామ అట్టల మీద ఆ ఊదారంగు కొండలు కల్పన అనుకునేదాన్ని. కారు ఆపమని మావయ్య అడగలేదు, నేనే ఆపేశాను. "చూశావేటి, ఆయన అబద్ధం వెయ్యలేదు" అన్నాడు.

మెళియాపుట్టి మండలంలో ఒక సవర గిరిజనుల ఊళ్లో మావయ్య పాత శిష్యుడు టీచరు. అతని వెంట వెళ్లబట్టే ఇంట్లోకి రానిచ్చారు. ఇళ్లు వరసగా, గోడకి గోడ ఆనుకుని ఉంటాయి. ఎర్రమట్టితో అలికిన గోడలు. చోడి అంబలి, అంటే రాగి అంబలి, ఇచ్చారు, చల్లగా, కొంచెం పుల్లగా. ఆ ఎండలో అంతకన్నా ఏం కావాలి?

లోపలి గోడ మీద ఎడిసింగ్ ఉంది. ఎర్రమట్టి మీద బియ్యప్పిండి నీళ్లతో, కొస చితక్కొట్టిన పుల్లతో వేసిన తెల్లబొమ్మ. ముందు నాలుగు వైపులా చట్రం గీస్తారు. దాని లోపల సూర్యుడు, చంద్రుడు, చెట్టు, చెట్టెక్కిన కోతులు, నెమళ్లు, చేతులు పట్టుకుని ఆడే మనుషులు, కుండలు మోసే ఆడవాళ్లు, గుర్రం మీద ఒకడు. మనిషంటే రెండు త్రికోణాలు, నాలుగు గీతలు. కింద మూలన ఒక మోటారు సైకిలు. అది చూసి నవ్వాను గానీ కొత్తేమీ కాదట. గిరిజనుల మీద పుస్తకాలు రాసిన వెరియర్ ఎల్విన్ సవరల మధ్య తిరిగిన రోజుల్లోనే ఈ బొమ్మల్లో విమానాలు, సైకిళ్లు ఉన్నాయి.

ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసినప్పుడో, విత్తనాల ముందో, కొత్త పంటకో, చనిపోయిన పెద్దల కోసమో వేస్తారు. ఏ దేవతకి ఏం కావాలో ఎజ్జోడు, అంటే వాళ్ల పూజారి, చెబుతాడు. వేశాక పూజ చేసి నైవేద్యం పెడతారు. అప్పటి నుంచి అది వట్టి గోడ కాదు. చెప్పులు విప్పి దూరంగా నిలబడ్డాం. ఫొటో తీయనా అని నేను అడగలేదు.

"ఇందులో దేవుడెవరు తాతా?" అని మావయ్య అడిగాడు. ఇంటాయన సవరలో ఏదో అంటే టీచరు తెలుగులో చెప్పాడు. ఇది దేవుడి బొమ్మ కాదు, దేవుడికి వేసిన ఇల్లు. వచ్చి ఉండటానికి చోటు కావాలి కదా. ఆయనకి వెలుగు కావాలి, చెట్టు కావాలి, ఆటపాట కావాలి, తిరగడానికి గుర్రం కావాలి. ఇప్పుడు బండి కూడా కావాలి.

మావయ్య ముఖం చూడాలి ఆ క్షణాన. చేతిలో అంబలి గిన్నె అలాగే ఉండిపోయింది. ఆపైన వాళ్లిద్దరూ, టీచరు మధ్యలో ఉన్నా లేకపోయినా, గంటకి పైగా మాట్లాడుకున్నారు. పుల్ల ఏ చెట్టుది, పిండిలో నీళ్లెన్ని, గోడ ఎన్నాళ్లకోసారి అలకాలి. బొమ్మ చెరిగిపోతే బాధ లేదా అని అడిగితే, పని పడితే మళ్లీ వేస్తాం అన్నాడాయన. ఇప్పుడు పట్నం ఎగ్జిబిషన్లకి కాన్వాసు మీద కూడా వేసి అమ్ముతున్నారట కుర్రాళ్లు. దాని మీద పూజ ఉండదు కాబట్టి దాంట్లో ఎవరూ కాపురం ఉండరు, అమ్ముకోవచ్చు. ఎంత తేలిగ్గా తేల్చేశాడో! గుడి బొమ్మ చేతిసంచీ మీద అచ్చేస్తే తప్పా ఒప్పా అని మనం టీవీల్లో వారం రోజులు కొట్టుకుంటాం.

వీళ్ల భాషకి వ్యాకరణం, నిఘంటువులు తయారుచేసింది కూడా గిడుగు వారే. రెండు రోజుల నుంచీ మాకంటే ముందే అన్నిచోట్లకీ వెళ్లొచ్చినట్టున్నారు పంతులు గారు.

టెక్కలిలో రాత్రి పడుకునే ముందు మావయ్య తనంతట తనే అన్నాడు. "ఇన్నేళ్లూ నాను వేసినయ్యి ఇళ్లేనమ్మా. నాకే తెలీదు."

"మరి వాటిలో ఎవరైనా ఉంటున్నారా?"

"కొన్నోళ్లని అడగాల" అని అటు తిరిగి పడుకున్నాడు.

సోమవారం: తేలినీలాపురం

టెక్కలికి దగ్గరే ఈ ఊరు. చింతచెట్ల నిండా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు. చలికాలానికి ముందొచ్చి గూళ్లు కట్టి, పిల్లల్ని పెంచుకుని వేసవిలో వెళ్లిపోతాయి. ఊళ్లో అందరూ సైబీరియా నుంచి వస్తాయనే చెబుతారు. పుస్తకాల ప్రకారం ఈ రకం గూడబాతు మన దక్షిణాసియా పక్షే, సైబీరియాలో గుడ్లు పెట్టదు. ఆ సంగతి అక్కడ ఎత్తితే ఊరివాళ్లకి నచ్చలేదు. అతిథి దూరం నుంచి వస్తేనే గొప్ప మరి. వీటి రాక ఊరికి మంచిదని నమ్మకం, అందుకే ఎవరూ వాటి జోలికి పోరు. చెట్ల కింద రెట్ట వాసన మాత్రం తట్టుకోలేం.

మావయ్య మంచి చోటు చూసుకుని, తలకి తువ్వాలు చుట్టి కూర్చున్నాడు. చింతచెట్టు వేశాడు, కొమ్మల మధ్య పుల్లల గూళ్లు వేశాడు, రెట్టతో తెల్లబడ్డ ఆకులు వేశాడు. పక్షుల్ని వేయలేదు. రాత్రి సంగతి గుర్తొచ్చి నేనేమీ అనలేదు.

స్కూలుకి పోవాల్సిన కుర్రాడొకడు సంచీతో సహా వచ్చి వెనక నిలబడ్డాడు. చాలాసేపు చూసి, "తాతా, పిట్టల్ని మర్చిపోయావు" అన్నాడు.

"మర్చిపోలేదురా. గూడు వేశాను కదా, అదే వస్తాది."

"వచ్చీసిందిగా. అదిగో, అక్కడే ఉంది, చూసి వెయ్యి."

మావయ్య నా వైపు చూశాడు. నేను చెగోడీ డబ్బా మూత తీయడంలో మునిగిపోయాను. ఇంక తప్పదని ఒక గూట్లో గూడబాతుని మొదలుపెట్టాడు. కుర్రాడు డబ్బాలోంచి గుప్పెడు తీసుకుని, ఆయన భుజం మీదుగా వంగి చూశాడు.

"ముక్కు చాల్లేదు తాతా. కింద సంచీ ఉంటాది, ఇంకా పెద్దది" అన్నాడు.